పది మజిలీల ముద్రల కార్డు: తిరుపతి పార్కులో పిల్లల ప్రకృతి బాట, పని డైరీ

ఇంకో పార్కులోనో, బడి ఆవరణలోనో ఇదే పని చేయాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ. పని ఇది: పార్కు దారిలో పది మజిలీలు. ఒక్కో మజిలీలో ఒక చెట్టునో పురుగునో రాయినో చూడాలి. అక్కడ స్తంభం మీద ఉబ్బెత్తు బొమ్మ ఉన్న బిళ్ల ఉంటుంది. దాని మీద కార్డు పెట్టి క్రేయాన్‌తో రుద్దితే ముద్ర పడుతుంది. చివర్లో గేటు దగ్గర కార్డు చూపించి, చూసినదాని గురించి చెప్తే చిన్న బహుమతి. మూడో తరగతి నుంచి ఆరో తరగతి దాకా పిల్లలకు.

నమూనా కొత్తదేమీ కాదు. అమెరికా నేషనల్ పార్కుల్లో జూనియర్ రేంజర్ పథకం ఉంది. పిల్లలు చిన్న పుస్తకంలోని పనులు పూర్తిచేసి రేంజరుకు, అంటే పార్కు సంరక్షకుడికి, చూపిస్తారు, ప్రమాణం చేస్తారు, బ్యాడ్జి తీసుకుంటారు. అక్కడే 1986లో మొదలైన పార్కుల పాస్‌పోర్టులో ఏ పార్కుకు వెళ్తే ఆ పార్కు ముద్ర తేదీతో సహా వేసుకోవచ్చు. ఆ రెండూ కలిపి తీసుకున్నాం, కానీ రేంజరు మనకు లేడు. మన పార్కులో ఉండేది ఒక వాచ్‌మన్, ఒకరిద్దరు తోటమాలులు. ఆ మనుషులు తమ పని మానకుండా ఎంత చేయగలరో అంతకే పథకాన్ని కుదించాలి. కింద రాసిన మార్పుల్లో సగం ఇందుకోసం చేసినవే.

దశ 1: చోటు, దారి

అలిపిరి నడకదారి పక్కన పెట్టాలన్న ఆలోచన ముందే కొట్టేశాం. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టనపెట్టుకుంది. పిల్లలు ఆగి, వంగి, పొదల వైపు చూస్తూ నిలబడే ఆట అక్కడ వద్దు. శేషాచలం అడవి లోపల ఏ చిన్న స్తంభం పాతాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. తలకోనకు రానూపోనూ ఒక పూట పోతుంది, వారం వారం వచ్చే అలవాటు కుదరదు. జూ పార్కు మంచిదే, కానీ పక్కన పులి ఉంటే చీమను ఎవరు చూస్తారు? చివరికి ప్రహరీ, ఒకే గేటు, కుళాయి, మరుగుదొడ్డి ఉన్న మున్సిపల్ పార్కు కుదిరింది. కొండ కింద కాబట్టి చెట్లకు కొదవ లేదు.

దూరం కొలవడానికి సైకిల్ చాలు. 26 అంగుళాల చక్రం టైరు మీద సుద్దతో గీత గీసి, ఒక చుట్టు తిప్పి టేపుతో కొలిస్తే 2.07 మీటర్లు వచ్చింది. సైకిల్‌ను నడిపించుకుంటూ గీత ఎన్నిసార్లు కిందికి వస్తే అన్ని చుట్లు లెక్కపెట్టాలి.

మొదటి దారి 1,400 మీటర్లు, 14 మజిలీలు. ఏడో మజిలీ దాటాక పిల్లలు చూడటం మానేసి ముద్రల కోసమే నడిచారు, పదోది దాటాక ఉయ్యాలల వైపు జారుకున్నారు. దారిని 300 చుట్లకు, అంటే 621 మీటర్లకు తగ్గించి, మజిలీలు పది చేశాం. రెండు మజిలీల మధ్య 35 మీటర్లకు తక్కువ కాకుండా, 90కి మించకుండా చూశాం. 35 కంటే దగ్గరైతే ఒకచోట నిలబడ్డ పిల్లలకు తర్వాతి స్తంభం కనిపిస్తుంది. కనిపిస్తే చాలు, పరుగు.

మజిలీ ఎంచుకునే వరస:

1. ముందు చూడాల్సిన వస్తువు ఉండాలి, స్తంభం తర్వాత. ఖాళీ ఉందని స్తంభం పాతి, దాని పక్కన చూడటానికి ఏమన్నా ఉందా అని వెతకొద్దు.
2. ఉదయం 7 నుంచి 10 దాకా, సాయంత్రం 4 తర్వాత అక్కడ నీడ ఉండాలి.
3. చుట్టూ మూడు మీటర్లలో దురదగొండి, వయ్యారిభామ, కందిరీగల గూడు, పాడుబడ్డ గుంత ఉండకూడదు.
4. దారి చుట్టు తిరిగి మొదలైన గేటు దగ్గరే ముగియాలి. వాచ్‌మన్ కుర్చీ దిగి రానక్కర్లేదు.

జిల్లేడు మజిలీని ఇక్కడే తీసేశాం. ఆకు మీద చారల గొంగళిపురుగులు దొరుకుతాయి కాబట్టి పిల్లలకు బాగా నచ్చే మజిలీ అది. కానీ ఆకు తుంచితే పాలు కారతాయి, ఆ చేత్తో కన్ను నులుముకుంటే ఆసుపత్రి పనే. 'ముట్టుకోవద్దు' అని బోర్డు రాసిన చోటే పిల్లలు ముందు ముట్టుకుంటారు.

ఖర్చు: టేపు 150, సుద్ద, పటం జిరాక్సులు 50. మొత్తం రూ. 200.

దశ 2: ముద్ర

ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే.

*ఇంకు స్టాంపు.* చెక్కపిడి రబ్బరు స్టాంపు రూ. 120, ఇంకు ప్యాడు రూ. 60. డబ్బాలో పెట్టి స్తంభానికి గొలుసుతో కట్టి చూశాం. తిరుపతి ఎండకు ప్యాడు మధ్యాహ్నానికి ఎండిపోయింది. నీళ్లు చల్లితే ముద్ర అలుక్కుపోయింది. పైగా స్టాంపు ఒక్క దెబ్బకు పడుతుంది. ఠప్పున కొట్టి వెళ్లిపోవడమే, అరచేతి మీద, నుదుటి మీద, తమ్ముడి చొక్కా మీద కూడా. ఎండిపోవడం కంటే ఈ వేగమే అసలు ఇబ్బంది. రుద్దడానికి అర నిమిషం పడుతుంది, ఆ అర నిమిషం పిల్లలు ఒకచోట నిలబడతారు. కాబట్టి రుద్దే ముద్రకు మారాం.

*ఇత్తడి బిళ్ల.* నేమ్‌ప్లేట్లు చేసే దుకాణంలో ఆసిడ్‌తో చెక్కించిన నమూనా రూ. 650. ముద్ర అద్భుతంగా పడింది. కానీ బయట ఇత్తడి అంటే పాత సామాన్ల దుకాణానికి దారి చూపించినట్టే. ఇంకో లోపం ఎండ. నల్ల రంగు వేసిన లోహం మధ్యాహ్నం ఒంటిగంటకు ఎండలో 61 డిగ్రీలు చూపించింది, నీడలో 38. మజిలీలన్నీ నీడలో ఉన్నా నీడ జరుగుతుంది, లోహం మాత్రం వేడి పట్టుకుని ఉంటుంది.

*ఏక్రిలిక్.* చివరికి నిలిచింది ఇదే. 5 మి.మీ. ఏక్రిలిక్ పలక, 100 మి.మీ. చదరం. దాని మీద లేజర్‌తో కోసిన 1.5 మి.మీ. ఏక్రిలిక్ బొమ్మ, 50 మి.మీ. గుండ్రంలో ఇమిడేది. బొమ్మకు పాటించాల్సిన కొలతలు:

1. గీత వెడల్పు 2 మి.మీ. తగ్గకూడదు. రెండు గీతల మధ్య సందు కూడా 2 మి.మీ. ఉండాలి. ఈనెలన్నీ చూపిద్దామని సన్నగా గీస్తే ముద్రలో మసి మరక తప్ప ఏమీ రాదు.
2. ఎత్తు 1 నుంచి 1.5 మి.మీ. చాలు. 2 మి.మీ. ఏక్రిలిక్‌తో కోయిస్తే అంచు దగ్గర కాగితం చిరిగింది. 0.3 మి.మీ. లోతుతో చెక్కించినది అసలు పడలేదు.
3. బొమ్మ ఉబ్బెత్తుగానే ఉండాలి, గాడిలా చెక్కించొద్దు. గాడిలో దుమ్ము, మైనం చేరి నాలుగైదు వారాల్లో పూడిపోతుంది.
4. అతికించే ముందు బొమ్మ అంచులను 400 నంబరు వాటర్ పేపర్‌తో గుండ్రంగా రుద్దాలి. లేజర్ కోసిన అంచు కత్తిలా ఉంటుంది.
5. అతికించడానికి ఏక్రిలిక్ దుకాణాల్లో వాడే క్లోరోఫామే వాడించాలి, అదీ దుకాణంలోనే. ఫెవిక్విక్ చుట్టూ తెల్లటి పొగ మరక వదిలింది, ఎండకు పెళుసెక్కి బొమ్మ ఊడివచ్చింది.

పది మజిలీలకు పన్నెండు బిళ్లలు చేయించాం, రెండు అదనం. ఏది ముందు పోతుందో తెలియదు కాబట్టి ఎక్కువ మంది ఇష్టపడే బొమ్మలనే, అంటే తొండనూ ఎర్రచందనం కాయనూ, రెండేసి చేయించాం.

ఖర్చు: స్టాంపులు రెండు 240, ప్యాడ్లు రెండు 120, ఇత్తడి 650, ఏక్రిలిక్ 12 x 110 = 1,320, స్క్రూలు, వాషర్లు, వాటర్ పేపర్ 170. ఈ దశకు 2,500. ఇప్పటిదాకా రూ. 2,700.

దశ 3: స్తంభాలు

చెట్టుకు మేకు కొట్టి బిళ్ల తగిలిస్తే ఈ దశ ఖర్చంతా మిగిలేది. అది చేయొద్దు. చెట్టును చూడమని చెప్తూ చెట్టుకు మేకు కొట్టడం పిల్లల కళ్లముందు పెట్టే పాఠం కాదు. పైగా మాను లావెక్కేకొద్దీ మేకు లోపలికి పోతుంది, బిళ్ల విరుగుతుంది.

40 x 40 మి.మీ. ఎంఎస్ (మామూలు ఇనుము) చదరపు పైపు, 2 మి.మీ. మందం. ఒక్కో ముక్క 115 సెం.మీ.: నేలలో 40, పైన 75. ఆరు మీటర్ల పైపులో ఐదు ముక్కలు వస్తాయి, పదికి రెండు పైపులు. 75 సెం.మీ. ఎత్తు మూడో తరగతి పిల్లల మోచేతికి దగ్గరగా ఉంటుంది, కాగితం మీద బరువు వేసి రుద్దడానికి వీలు. మొదట పెద్దవాళ్ల లెక్కలో 95 సెం.మీ. పెట్టిన నమూనా దగ్గర చిన్నపిల్లలు మునివేళ్ల మీద లేచి రుద్దారు, ముద్ర సగమే పడింది.

పాతే వరస:

1. పైపు కింది చివర అడ్డంగా 15 సెం.మీ. ఇనుప చువ్వ వెల్డింగ్ చేయించాలి. లేకపోతే పిల్లలు పట్టుకుని తిప్పితే స్తంభం తిరుగుతుంది.
2. పైన 150 x 150 మి.మీ., 3 మి.మీ. రేకు. పిల్లల వైపు 30 డిగ్రీలు వాలుగా. నాలుగు మూలలూ రాపించి గుండ్రం చేయించాలి.
3. రేకుకూ పైపుకూ మధ్య సందు లేకుండా చుట్టూ వెల్డింగ్ పట్టాలి. చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ పెట్టి వదిలిన ఒక స్తంభంలో కందిరీగలు కాపురం పెట్టాయి.
4. రెడాక్సైడ్ ఒక పూత, ఆకుపచ్చ ఎనామెల్ రెండు పూతలు. నేలలోకి పోయే భాగానికి కూడా వేయాలి.
5. 25 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. లోతు గుంత. 1:3:6 కాంక్రీటు (సిమెంటు, ఇసుక, కంకర). పది గుంతలకు ఒక సిమెంటు బస్తా సరిపోతుంది, కొద్దిగా మిగులుతుంది.
6. బిళ్లను మూడు రోజులు ఆగి బిగించాలి. 4 మి.మీ. స్క్రూకు ఏక్రిలిక్‌లో 5.5 మి.మీ. రంధ్రం, కింద రబ్బరు వాషరు. ఎండకు ఏక్రిలిక్ సాగుతుంది, బిగుతు రంధ్రమైతే పగులుతుంది. తల లోపలికి దిగే స్క్రూ వద్దు, అది చీలలా పనిచేసి రంధ్రం దగ్గరే చీలుస్తుంది.

ఖర్చు: పైపులు 2,000, రేకు 400, కటింగ్, వెల్డింగ్ కూలి 1,200, రంగులు 350, సిమెంటు 400, ఇసుక, కంకర 300. ఈ దశకు 4,650. ఇప్పటిదాకా రూ. 7,350.

దశ 4: కార్డు, క్రేయాన్

మొదటి కార్డు మూడు మడతల అందమైన చిన్న పుస్తకం. చేతిలో ముద్దుగా ఉంది, ముద్ర మాత్రం పడదు: మడతపెట్టిన కాగితం నాలుగు పొరలు. విప్పి రుద్దమంటే మడత గీతల మీద చిరిగింది. ఇప్పుడున్నది మడత లేని ఏ4 కాగితం. అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు, మొత్తం 12 గళ్లు. పది గళ్లలో 50 మి.మీ. గుండ్రాలు, ఒక గడిలో పేరు, తరగతి, ఇంకోదాంట్లో దారి పటం. వెనకవైపు పది ప్రశ్నలు.

కాగితం మందం సరిగా కుదరాలి. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) చిరుగుతుంది. పెళ్లిపత్రికలకు వాడే 300 జీఎస్‌ఎం అట్ట మీద ఏమీ పడదు. 100 జీఎస్‌ఎం సరిపోయింది. నిగనిగలాడే ఆర్ట్ పేపరు మీద మైనం జారుతుంది, కాబట్టి మామూలు గరుకు కాగితమే. ఇంక్‌జెట్ ప్రింటు చెమట చేతికే కరిగింది. జిరాక్సు గానీ ఆఫ్‌సెట్ గానీ కావాలి.

ప్రశ్నల అక్షరం 14 పాయింట్లు. ఒక్కో ప్రశ్నకు ఎనిమిది మాటలు మించకూడదు. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు చదువుతారు గానీ కూడబలుక్కుని చదువుతారు. పొడుగు వాక్యం ఇస్తే అమ్మ చేతిలో పెట్టి 'నువ్వు చదువు' అంటారు. తమిళ పిల్లలు కూడా వస్తుంటారు కాబట్టి ప్రతి ప్రశ్న పక్కన చిన్న బొమ్మ పెట్టాం: కన్ను, చెవి, ముక్కు, వేలు. ఏదుంటే దానితో చేసే పని. నాలుక బొమ్మ లేదు, ఉండకూడదు కూడా.

క్రేయాన్లు స్తంభానికి దారంతో కట్టినవి ఒక్క రోజు కూడా ఆగలేదు. ఊగే వస్తువు ఏది కనిపించినా మన ఊరి కోతులు వదలవు. గేటు దగ్గర కార్డుతో పాటు సగం ముక్క ఇచ్చి, వెళ్లేటప్పుడు వెనక్కి తీసుకుంటున్నాం. లావు జంబో క్రేయాన్, పైకాగితం ఒలిచినది, మొనతో కాకుండా పడుకోబెట్టి రుద్దేది. ముదురు రంగులే: నీలం, గోధుమ, ఆకుపచ్చ. పసుపు కనిపించదు. వాచ్‌మన్ గది కిటికీలో రేకు డబ్బాలో పెడితే వేసవిలో అన్నీ ఒకే ముద్ద అయ్యాయి. మట్టికుండలో పెట్టాక ఆ ఇబ్బంది తప్పింది.

రుద్దేటప్పుడు కాగితం జరిగితే బొమ్మ రెండుగా పడుతుంది. క్లిప్పులు పెట్టి చూస్తే తుప్పు పట్టాయి, కొన్ని మాయమయ్యాయి. పిల్లలను జంటలుగా పంపడంతో కుదిరింది: ఒకరు పట్టుకుంటారు, ఒకరు రుద్దుతారు, తర్వాత మారతారు. దీంతో ఇంకో మేలు, చూసినదాని గురించి మాట్లాడుకోవడానికి పక్కన మనిషి ఉంటాడు.

ఖర్చు: పరీక్ష కార్డులు 100 x 4 = 400, ఖరారైన కార్డులు 500 x 2.50 = 1,250, క్రేయాన్లు 400. ఈ దశకు 2,050. ఇప్పటిదాకా రూ. 9,400.

దశ 5: పిల్లలతో పరీక్ష, ప్రశ్నల మార్పు

మొదటి పరీక్షలో మజిలీ దగ్గర ఆగిన సమయం వాచీతో చూస్తే ఎక్కువగా 40 సెకన్ల లోపే, అందులో 30 రుద్దడానికే. అంటే చెట్టుకు మిగిలింది పది సెకన్లు. తప్పు ప్రశ్నలది. 'వేప శాస్త్రీయ నామం ఏమిటి?', 'ఎర్రచందనం ఏ కొండల్లో పెరుగుతుంది?' వంటివి చెట్టు వైపు తలెత్తకుండానే రాసేయొచ్చు. ఒకరు రాస్తే మిగతావాళ్లు చూసి రాశారు. ఇంట్లో కూర్చుని జవాబు చెప్పగలిగిన ప్రశ్న ఏదైనా సరే కొట్టేశాం.

కొత్త ప్రశ్నలకు షరతు ఒకటే: అక్కడ నిలబడి, ఈరోజు చూస్తే తప్ప జవాబు రాకూడదు. ఇప్పుడున్నవాటిలో కొన్ని:

వేప. 'రెండు ఆకులు తీసుకో. చిట్టాకులు సమానమా?' రాలిన ఆకులనే. ఏ రెండూ ఒకేలా ఉండవు కాబట్టి చూసి రాయడం కుదరదు. చిట్టాకు మధ్య ఈనెకు అటూ ఇటూ సమానంగా ఉండదని కొందరు పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు. 2018 నుంచి వేప మన రాష్ట్ర వృక్షమని తోటమాలి చెప్తాడు, అది కార్డులో లేదు.

ఏడాకుల పాల. 'ఒక గుత్తిలో ఆకులు లెక్కపెట్టు. ఏడేనా?' ఈ ప్రశ్న దగ్గర పిల్లలు అందరికంటే ఎక్కువసేపు ఆగుతారు. ఐదున్న గుత్తీ ఎనిమిదున్న గుత్తీ దొరుకుతుంటే వాదన మొదలవుతుంది. పేరును తప్పుపట్టే అవకాశం పిల్లలకు మహా ఇష్టం.

ఎర్రచందనం. 'బెరడు వేలితో తాకు. ఏ జంతువు చర్మంలా ఉంది?' పలకలు పలకలుగా చీలిన నల్లటి బెరడు, మూడేసి చిట్టాకులు, చుట్టూ రెక్క ఉన్న గుండ్రటి కాయ. ఈ చెట్టు సహజంగా పెరిగేది శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే. తిరుపతి పిల్లలకు ఈ పేరు తెలుసు, కానీ పోలీసుల వార్తల్లోంచి తెలుసు. చెట్టును చూపించి ఇదేనంటే నమ్మరు, ఎర్రగా లేదేమని అడుగుతారు. ఎరుపు లోపలి చేవలో ఉంటుందని చెప్పాలి.

కానుగ. 'గాయం లేని ఆకు ఒకటి వెతుకు.' కానుగ ఆకుల మీద బుడిపెలు, తెల్లటి వంకర గీతలు మామూలే. బాగున్న ఆకు కోసం వెతుకుతూ పురుగు పట్టినవన్నీ చూస్తారు. ముందు 'పురుగు పట్టిన ఆకు వెతుకు' అని పెట్టాం. మొదటి ఆకుతోనే ముగిసిపోయింది.

ఇసుక గుంటలు. మెత్తటి మట్టిలో గరాటులాంటి చిన్న గుంటలు, అడుగున పురుగు. 'ఎన్ని గుంటలు? ఏది పెద్దది?' పుల్లతో కెలకడం ఆపలేం. గుంటల చుట్టూ అడుగు ఎత్తు రాళ్లు పేర్చాక కాస్త తగ్గింది.

రాయి. రెండు రాళ్లు పక్కపక్కన: మెరిసే గింజలున్న గ్రానైటు, ఇసుక రేణువులు గట్టిపడ్డ క్వార్ట్‌జైటు. 'ఏది గరుకు? ఏది బరువు?' తిరుమల ఘాట్ రోడ్డులో ఈ రెండూ ఒకదాని మీద ఒకటి కనిపించే చోటు ఉంది. కింద గ్రానైటు, మీద క్వార్ట్‌జైటు, రెండింటి మధ్య కాలంలో దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. బస్సులో కొండెక్కేటప్పుడు చూడమని చెప్పి వదిలేస్తాం.

ఈ మార్పుల తర్వాత ఆగే సమయం రెండు నిమిషాలు దాటింది. రాయి మజిలీ ఒక్కటే ఇంకా నిమిషం లోపే. రాళ్లు ఎత్తి చూసేలా పెట్టాలి, సిమెంటులో పాతినందుకు ఈ ఫలితం.

తల్లిదండ్రులు ఇంకో అడ్డంకి. పిల్ల మెల్లగా రుద్దుతుంటే తండ్రి లాక్కుని తానే రుద్దేస్తాడు, తల్లి ఫొటో కోసం పిల్లను చెట్టుకు వీపు తిప్పి నిలబెడుతుంది. 'పెద్దలు రుద్దరాదు' అని బోర్డు పెడితే నవ్వి రుద్దారు. ఇప్పుడు పెద్దవాళ్లకూ ఒక పని ఇస్తున్నాం. గేటు దగ్గరే వాచ్‌మన్ చెప్పేస్తాడు: 'అన్నా, నువ్వు కాయితం పట్టుకో చాలు. అడిగేది పాపనే.' ఇంతకంటే బాగా పనిచేసిన బోర్డు లేదు.

ఈ దశకు ఖర్చు లేదు. పరీక్ష కార్డులు పై లెక్కలోనే ఉన్నాయి.

దశ 6: బహుమతి

మొదట ముగ్గురు విజేతలకు బహుమతి అనుకున్నాం, ముందు ముగించినవాళ్లకు. అది పెడితే పైన రాసిందంతా వృథా, పార్కు పరుగుపందెం అవుతుంది. తర్వాత చాక్లెట్. రేపర్లు దారి పొడుగునా, వాటి వెనక కోతులు. అదీ పోయింది.

పిన్ను బ్యాడ్జి, 58 మి.మీ., ఒక్కొక్కటి రూ. 25. చూడటానికి బాగుంది. వానాకాలం గదిలో పెట్టినవి తుప్పు పట్టాయి. యూనిఫాం మీద పెట్టుకోనివ్వరు. చిన్నపిల్లలు గుచ్చుకుంటారు.

ఇప్పుడున్నది వేప బిళ్ల. పార్కులో కొమ్మలు కత్తిరించినప్పుడు మిగిలే వేప కర్ర, అడిగి తీసుకున్నది. చేసే విధానం:

1. 3 సెం.మీ. కంటే సన్నటి కొమ్మలు. లావువి ఎండేటప్పుడు మధ్యనుంచి అంచుదాకా చీలుతాయి, ఎందుకంటే కర్ర చుట్టుకొలత వైపు ఎక్కువగా, మధ్య వైపు తక్కువగా కుంచించుకుంటుంది.
2. కొమ్మలనే ముందు మూడు వారాలు నీడలో ఆరబెట్టాలి, చివరలకు మైనం పూసి. పచ్చి బిళ్లలు కోసి ఎండలో పెట్టినవి సగానికి సగం చీలాయి.
3. హాక్సా బ్లేడుతో 7 మి.మీ. మందం బిళ్లలు, కొద్దిగా ఏటవాలుగా కోస్తే చీలడం ఇంకా తగ్గుతుంది.
4. 120 నంబరు ఎమెరీ కాగితం, అంచున 3 మి.మీ. రంధ్రం, నూలు దారం.
5. ముద్రకు దశ 2లో పక్కన పెట్టిన రబ్బరు స్టాంపు. ఎండలో పనికిరానిది గదిలో చక్కగా పనిచేస్తోంది.

ఎర్రచందనం ముక్కలతో చేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. చట్టం ఒప్పుకోదు, నేలమీద దొరికిన ముక్క అయినా సరే. అదే మాట మీద కార్డు పైన ఒకే నియమం రాశాం: పార్కు నుంచి ఏదీ ఇంటికి తీసుకుపోవద్దు. పక్షుల గూళ్లు, గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా.

బహుమతి గురించి ముందే చెప్పాలా, వద్దా? 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ ప్రచురించిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లల్లో కొందరికి బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించారు, కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి అసలు ఇవ్వలేదు. కొన్నాళ్లకు చూస్తే ముందే చెప్పినవాళ్లు తమంతట తాము గీసిన సమయం మిగతావాళ్లలో దాదాపు సగమే. దీన్నిబట్టి వేప బిళ్ల బొమ్మ కార్డు మీద నుంచి, గేటు బోర్డు మీద నుంచి తీసేశాం. కానీ ఊళ్లో ఈ రహస్యం ఎన్నాళ్లు దాగుతుంది? మెళ్లో బిళ్లతో ఒక పిల్ల బడికి వెళ్తే చాలు.

అందుకని రెండు మార్పులు చేశాం. వేప బిళ్ల ఇచ్చేది పది ముద్రలకు కాదు. వాచ్‌మనో తోటమాలో కార్డులో ఒక ముద్ర మీద వేలు పెట్టి 'ఇక్కడ ఏం చూశావు?' అని అడుగుతారు. పిల్లలు రెండు మాటలు చెప్పాలి, ఏ రెండైనా. తప్పొప్పులు దిద్దరు. ఏడు ముద్రలే ఉన్నా బాగా చెప్తే బిళ్ల ఇస్తారు. తోటమాలికి ఈ పని బాగా పట్టుబడింది, చాలాసార్లు ఆయనే పిల్లలను వెనక్కి తీసుకెళ్లి చూపిస్తున్నాడు.

రెండోసారి వచ్చేవాళ్లకు బిళ్ల లేదు. వాళ్లకు ఆ పూటకు భూతద్దం అరువు ఇస్తాం. 60 మి.మీ. అద్దం రూ. 80, నాలుగు కొన్నాం. మళ్లీ మళ్లీ పిల్లలను రప్పిస్తున్నది ఇదే. బిళ్ల అందితే ఆట ముగుస్తుంది, అద్దం అందితే అదే పది మజిలీలు మళ్లీ కొత్తవవుతాయి. ఒక జాగ్రత్త: ఏప్రిల్, మే నెలల్లో ఎండుటాకుల మీద అద్దంతో ఎండ పట్టడం పిల్లలకు వెంటనే తడుతుంది. ఆ రెండు నెలలు అద్దం ఇవ్వడం ఉదయం 8 దాకానే.

ఖర్చు: పిన్ను బ్యాడ్జిలు పది 250, బ్లేడు, దారం, ఎమెరీ 220, భూతద్దాలు 320. ఈ దశకు 790. మొత్తం రూ. 10,190. ఇదే పని మళ్లీ చేసేవాళ్లు ఇత్తడి, పిన్ను బ్యాడ్జిలు వదిలేస్తే 900 తగ్గి రూ. 9,290తో అయిపోతుంది.

దశ 7: నడిపించడం

వారానికోసారి బిళ్లలను పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్లతో కడగాలి. థిన్నర్ గానీ శానిటైజర్ గానీ వద్దు. శానిటైజర్‌తో తుడిచిన బిళ్లకు లేజర్ కోసిన అంచుల వెంట సన్నటి పగుళ్లు వచ్చాయి.

ఎనిమిది మంది పిల్లలకు ఒక పెద్దమనిషి. చెప్పులు కాదు, బూట్లు. కన్నాల్లో చేయి పెట్టొద్దు, రాళ్లు తిప్పొద్దు, కాలితో కూడా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, పాములు బయటికి వచ్చే కాలం. వాన పడిన మర్నాడు ఉదయం తోటమాలి దారంతా కర్ర తట్టుకుంటూ తిరిగాకే గేటు దగ్గర కార్డులు బయటికి తీస్తాడు. పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి రుయా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది గది తలుపు మీద పెద్ద అక్షరాలతో ఉంది.

ఏడాది పొడుగునా ఒకే పది మజిలీలు నిలవవు. తొలకరికి ఆరుద్ర పురుగు కనిపించే వారం, ఎర్రచందనం పూసే ఏప్రిల్, మే నెలలు, వానలకు ఇసుక గుంటలు కొట్టుకుపోయే కాలం. అందుకే స్తంభాలు అలాగే ఉంచి బిళ్ల మారుస్తాం, కార్డులో ఆ గడి ఖాళీ గుండ్రమే. ఏం చూశారో పిల్లలే రాస్తారు.

కార్డు రెండోసారి అచ్చు వేయించే ముందు చేయాల్సినవి:

1. రాయి మజిలీ సిమెంటు పగలగొట్టి, ఒక చేత్తో ఎత్తగలిగే రాళ్లు గొలుసు లేకుండా పెట్టడం. పోతే ఇంకోటి తేవచ్చు, మన కొండలకు రాళ్ల కరువు లేదు.
2. పటంలో బాణాలు తీసేయడం. బాణాలుంటే వరసలోనే వెళ్తారు, ఒకేచోట క్యూ కడుతున్నారు. ఎక్కడినుంచైనా మొదలుపెట్టొచ్చని చెప్పాలి.
3. ఉడుత మజిలీ జరపడం. పక్కన తినుబండారాల బండి వచ్చింది, ఇప్పుడు అక్కడ ఉడుత కంటే మురుకుల వాసనే ఎక్కువ.
4. చిత్తూరులో పెట్టాలనుకునేవాళ్లకు ఏడాకుల పాల, కానుగ, వేప బిళ్లల కోత ఫైళ్లు అలాగే సరిపోతాయి. ఎర్రచందనం చెట్టు పార్కులో లేకపోతే ఆ బిళ్ల పెట్టొద్దు, ఉన్న చెట్టుకే బిళ్ల చేయించుకోవాలి. చింత ఆకు మాత్రం 2 మి.మీ. గీతలో ఇమడదు, కాయ గీయించండి.